కారణం రాసివ్వని బ్యాంకులు

అనుమతి లేకుండా అప్పులిచ్చే వ్యాపారం చేస్తే ఏడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం అభిప్రాయాల కోసం విడుదల చేసిన ముసాయిదా బిల్లులో ఉన్న శిక్షలివి. దాని మీద పత్రికల్లో, టీవీల్లో జరిగిన చర్చంతా ఒక్క చోటే తిరిగింది: లోన్ యాప్‌లను ఎలా పట్టుకోవాలి, వడ్డీ వ్యాపారులను ఎలా కట్టడి చేయాలి, జనానికి ఎలా బుద్ధి చెప్పాలి. అప్పు కోసం హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఏజెంటు మెట్లెక్కే మనిషి అంతకుముందు బ్యాంకు మెట్లు దిగి వచ్చినవాడేనన్న సంగతి ఎవరికీ పట్టలేదు. బ్యాంకు అతనికి ఏం చెప్పి పంపిందని అడిగినవారు లేరు. ఆ ప్రశ్నకు మన దగ్గర 2003 నుంచే జవాబు ఉంది. దాన్ని అమలు చేయించే పట్టుదలే లేదు.

2003 మేలో రిజర్వు బ్యాంకు రుణదాతలకు న్యాయమైన వ్యవహార నియమావళి తెచ్చింది. రెండు లక్షల లోపు అప్పు దరఖాస్తును తిరస్కరిస్తే అందుకు ముఖ్య కారణమేమిటో బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాలన్నది అందులో ఒక నియమం. 2007 మార్చిలో ఆ పరిమితి తీసేశారు. ఎంత మొత్తమైనా, ఏ రకం అప్పైనా, చివరికి క్రెడిట్ కార్డు దరఖాస్తైనా సరే, తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. అందిన ప్రతి దరఖాస్తుకూ రసీదు ఇచ్చే ఏర్పాటు ఉండాలని కూడా అదే నియమావళి చెప్పింది. ఈ రెండూ కలిపి చదవాలి, ఎందుకంటే బ్యాంకులు తప్పించుకునే దారి ఈ రెండింటి నడుమే ఉంది. కౌంటరు దగ్గరే ‘‘సిబిల్ లేదండీ, రాదు’’ అనేస్తే దరఖాస్తు పుట్టదు. దరఖాస్తు లేదు కాబట్టి రసీదు లేదు, రసీదు లేదు కాబట్టి తిరస్కారం లేదు, కారణం రాయాల్సిన పనీ లేదు. ఆన్‌లైన్‌లో పెట్టుకున్నవారికి అర్థంపర్థం లేని ఒక మెసేజ్ వస్తుంది: మా అంతర్గత విధానం ప్రకారం మీ దరఖాస్తును పరిశీలించలేము. దీన్ని కారణం అనడానికి వీల్లేదు.

ఈ మౌనం మిగతా ఊరి కంటే తూర్పు హైదరాబాదును ఎక్కువగా దెబ్బతీస్తుంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ప్రైవేటు బడులు, నర్సింగ్ హోములు, బట్టల దుకాణాలు, విజయవాడ రోడ్డు మీది ట్రావెల్స్: మలక్‌పేట నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా వనస్థలిపురం దాకా బతుకుదెరువు ఇదే. జీతం వస్తుంది, కానీ చాలామందికి పే స్లిప్పు రాదు. కొంత చేతికి, కొంత ఖాతాలోకి ఇచ్చే యజమానులకు కొదవ లేదు. నల్లగొండ, ఖమ్మం నుంచి వచ్చి అద్దెకుండేవారికి చిరునామా ఏడాదికోసారి మారుతుంది. వీరిలో అప్పు తీర్చలేనివారు ఎందరో, తీర్చగలిగినా కాగితం చూపలేనివారు ఎందరో బ్యాంకు తేల్చి చెప్పదు. చెప్పకుండా పంపేస్తే ఏమవుతుంది? ఏజెంటు అదే ఫైలును నాలుగైదు ఫైనాన్స్ కంపెనీలకు ఒకేసారి పంపుతాడు. ప్రతి కంపెనీ క్రెడిట్ రిపోర్టు తీస్తుంది, ఆ విచారణలన్నీ రిపోర్టులోకి ఎక్కుతాయి, స్కోరు ఇంకా తగ్గుతుంది. మొదటి తిరస్కారానికి కారణం తెలియకపోవడమే తర్వాతి నాలుగు తిరస్కారాలకు కారణమవుతుంది. ఇక మిగిలేది మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. అదీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కు పెడితేనే. అదీ దొరక్కపోతే గిరిగిరి. పది వేలని రాసుకుని 1,500 ముందే కోసుకుని 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే వడ్డీ ఏడాది లెక్కన నూటికి 120 దాకా పడుతుంది. చిట్టీ మంచిదే, 1982 చట్టం కింద రిజిస్టరైతే భద్రమైనదే. కానీ ముందు నుంచీ కడుతూ ఉండాలి, పాడుకున్నాక షూరిటీలు తేవాలి. ఆసుపత్రి బిల్లు ఇవాళ కట్టాల్సినవాడికి అది అక్కరకు రాదు.

కారణం రాసిస్తే ఏం మారుతుందో చూద్దాం. ఎప్పుడో సెటిల్‌మెంట్ చేసుకున్న కార్డు బాకీ ఇంకా రిపోర్టులో ఉందనుకోండి, స్నేహితుడికి పెట్టిన జామీను తన మెడకు చుట్టుకుందనుకోండి, ఎవరిదో ఖాతా తన పేరు మీద ఎక్కిందనుకోండి. ఇవన్నీ వేర్వేరు జబ్బులు, వేర్వేరు మందులు. రిపోర్టులో తప్పుంటే 30 రోజుల్లో సరిచేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకే ఆదేశించింది. తప్పు ఎక్కడుందో తెలియనివాడు దేన్ని సరిచేయమంటాడు? అసలు రుణ చరిత్రే లేనివారి సంగతి ఇంకా ఘోరం. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో ఉందని, కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిర్దేశించలేదని ఆర్థిక శాఖ సహాయమంత్రి పంకజ్ చౌధరి 2025 ఆగస్టులో పార్లమెంటుకు చెప్పారు. కాగితం మీద కారణం రాయాల్సి వస్తే, ‘చరిత్ర లేదు’ అని రాసే మేనేజరు తన ఉల్లంఘనకు తానే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. నోటితో చెబితే ఆ బాధ లేదు.

డిపాజిటర్ల సొమ్ము అడిగినవారందరికీ పంచలేం కదా అని బ్యాంకర్లు అంటారు. నిజమే. హామీ లేని వినియోగ రుణాలపై రిస్క్ వెయిట్‌ను 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు 100 నుంచి 125 శాతానికి పెంచింది. అలాంటి అప్పులకు బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి, కాబట్టి ఆచితూచి ఇస్తాయి. ఇక్కడ ఎవరూ అప్పు ఇచ్చితీరాలని అనడం లేదు. 2007 నియమం కోరేది అప్పు కాదు, కారణం. కారణం చెబితే మోసగాళ్లు దొడ్డిదారి కనిపెడతారన్నది ఇంకో వాదన. అమెరికాలో దరఖాస్తు తిరస్కరిస్తే 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నిర్దిష్టమైన కారణం తెలుసుకునే హక్కు దరఖాస్తుదారుకు ఉంది. దశాబ్దాలుగా ఈ చట్టం నడుస్తున్నా అక్కడి బ్యాంకులు ఆ కారణంగా మూతపడలేదు. కంప్యూటరే తేలుస్తుంది, మాకూ తెలియదు అనే సిబ్బంది మాట మాత్రం నమ్మదగిందే. భయపడాల్సిందీ దానికే. ఎందుకు కాదన్నదో తనకే తెలియని బ్యాంకు, రేపు ఎందుకు ఔనన్నదో చెప్పగలదా?

నిషేధాలతో ఏం జరిగిందో తెలుగువారికి ఒకరు నేర్పనక్కర్లేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చాక అవి కొత్త అప్పులు దాదాపు ఆపేశాయి. అప్పు అవసరం ఆగలేదు. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీల కాల్ మనీ బాగోతం బయటపడింది. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన బృందం సుమారు 1,100 యాప్‌లను లెక్కపెట్టి వాటిలో 600 అక్రమమని తేల్చింది. సూక్ష్మరుణ సంస్థల వేధింపులను గానీ, యాప్‌ల వేధింపులను గానీ సహించమని నేననడం లేదు, శిక్షలు పడాల్సిందే. కానీ ఈ మూడు సందర్భాల్లోనూ 2003 నియమం అమల్లో ఉంది, ఒక్క సందర్భంలోనూ దాని ఊసెత్తినవారు లేరు.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. ఎంత ఇచ్చారో కోట్లలో చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ శాఖల్లో ఎందరు వ్యక్తిగత రుణం అడిగారు, ఎందరికి రసీదు ఇచ్చారు, ఎందరిని కాదన్నారు, ఎందరికి కారణం రాసిచ్చారు? ఈ నాలుగు అంకెలు శాఖలవారీగా ప్రజల ముందు పెట్టమని ప్రభుత్వం ఎందుకు అడగదు? రిపోర్టులో తప్పు దిద్దడం ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల వెల కట్టిన రిజర్వు బ్యాంకు, కారణం దాచిన శాఖకు ఎందుకు కట్టదు? వీధిలో వడ్డీకి తిప్పేవాడికి ఏడేళ్ల జైలు రాస్తున్న ఆర్థిక శాఖ, అతని దగ్గరికి మనుషులను తోలుతున్న మేనేజరుకు కనీసం ఒక నోటీసైనా రాయాలి. అది రాసేదాకా ఆ బిల్లును పేదలను కాపాడే బిల్లని చెప్పుకునే హక్కు దానికి లేదు.