తేదీ తిరిగొస్తుంది, చెరకు రాదు

2015 నాటి క్యాలెండరు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే 2026లో దాన్నే గోడకు తగిలించుకోవచ్చు. జనవరి 1 అప్పుడూ గురువారమే, ఇప్పుడూ గురువారమే. అక్కణ్నుంచి ఏడాది చివరిదాకా ఒక్క తేదీకీ వారం తప్పదు. డిసెంబరు 23 కూడా అప్పటిలాగే బుధవారం. బోధన్ ప్రాంతానికి ఆ తేదీని పరిచయం చేయనక్కర్లేదు. 2015లో ఆ రోజునే నిజాం డెక్కన్ షుగర్స్ యాజమాన్యం శక్కర్‌నగర్, ముత్యంపేట, ముంబోజిపల్లి ఫ్యాక్టరీల్లో లేఆఫ్ ప్రకటించింది. 1930ల చివర్లో నిజాం ప్రభుత్వం కట్టించి, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న బోధన్‌లోని శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఆ రోజు ఆగిపోయింది. ఇప్పుడదే క్యాలెండరు మళ్లీ వచ్చింది కాబట్టి ఇందులో ఏదో సూచన ఉందనుకునేవారు ఉంటారు. సూచన ఏమీ లేదు. క్యాలెండరు తిరిగి రావడం ఏడుతో భాగహారం, అంతే. రావాల్సింది పంట సంవత్సరం. అది తేదీ ప్రకటిస్తే రాదు. నిజాం షుగర్స్ గురించి పదేళ్లుగా మనం తేదీల్లో మాట్లాడుకుంటున్నాం. చెరకు లెక్కలో మాట్లాడుకోకపోవడమే అసలు లోపం.

ముందు ఆ భాగహారం సంగతి చూద్దాం. 52 వారాలంటే 364 రోజులు. మామూలు ఏడాదిలో ఒక రోజు మిగులుతుంది కాబట్టి నిరుడు సోమవారం వచ్చిన తేదీ ఈసారి మంగళవారం వస్తుంది. మధ్యలో ఫిబ్రవరి 29 పడితే రెండు రోజులు జరుగుతుంది. జనవరి 1 ఏడు వారాల్లో ఏదో ఒకటి కావాలి, ఏడాది లీపు అయినా కావాలి, కాకపోయినా కావాలి. అంటే ఇంగ్లిషు క్యాలెండర్లు మొత్తం పద్నాలుగే. మామూలు సంవత్సరాలు ఈ శతాబ్దంలో ఆరేళ్లకో పదకొండేళ్లకో మళ్లీ వస్తాయి, లీపు సంవత్సరాలు 28 ఏళ్లకు వస్తాయి. 2026 క్యాలెండరు 1998లో, 2009లో, 2015లో వచ్చిందే. మళ్లీ 2037లో వస్తుంది. 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి అక్కడ ఈ వరుస చెదురుతుంది. అయినా 400 ఏళ్లకు సరిగ్గా 1,46,097 రోజులు. అవి 20,871 వారాలు, శేషం సున్నా. అందుకే 2426కు ఇదే క్యాలెండరు సరిపోతుందని ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. అందులో జోస్యం లేదు, హైస్కూలు పిల్లలు చేయగల లెక్క ఉంది.

ఆ లెక్క రాకపోవడం వల్లే వాట్సాప్‌లో వింతలు పుడుతున్నాయి. 2026 ఫిబ్రవరిలో ప్రతి వారమూ నాలుగేసి సార్లు వచ్చిందని, ఇలాంటి నెల 823 ఏళ్లకు ఒకసారే వస్తుందని అంటారు. 28 రోజుల ఫిబ్రవరి ఏదైనా అంతే, వేరేలా ఉండటానికి వీల్లేదు. ఆదివారం మొదలై శనివారం ముగియడం కూడా 2015లో, 2009లో జరిగినదే. 2025 గురించైతే భయమే పుట్టించారు. 1941 క్యాలెండరే 2025లో వచ్చింది కాబట్టి యుద్ధకాలం మళ్లీ వస్తుందన్నారు. ఆ రెంటి మధ్య అదే క్యాలెండరు మరో ఎనిమిది సార్లు వచ్చి వెళ్లింది. వాటిలో 1947 ఉంది, తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డ 2014 ఉంది. ఒకే క్యాలెండరు ఒకసారి యుద్ధాన్ని, ఒకసారి స్వాతంత్ర్యాన్ని, ఒకసారి రాష్ట్రాన్ని తెచ్చిందంటే, అది వేటినీ తేలేదనే అర్థం.

పొలంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2014, 2025 తేదీలకు తేదీలు, వారాలకు వారాలు సరిపోయిన కవల సంవత్సరాలు. 2014లో దేశంలో నైరుతి వర్షపాతం సగటులో 88 శాతం దగ్గర ఆగింది, 2025లో 108 శాతం దాకా వెళ్లింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా వరదలో మునిగింది. 2014 ఆగస్టు చివరి తేదీలు చూసి ఎవరైనా ఆ వరదను ఊహించగలిగేవారా? 2015 సంగతి సరేసరి, బలమైన ఎల్‌నినో ఏడాది, తెలంగాణకు కరువు ఏడాది. నిజాంసాగర్ ఆయకట్టు నీటికి ముఖం వాచిన ఆ సీజనుకు కేంద్రం చెరకు క్వింటాకు 230 రూపాయల న్యాయమైన, గిట్టుబాటు ధర (ఎఫ్‌ఆర్‌పీ) నిర్ణయించింది. 2025-26 సీజనుకు అది 355 రూపాయలు. క్యాలెండరు కాగితం ఒకటే అయినా వాన వేరు, ధర వేరు, కాలువలో నీరు వేరు.

మన పంచాంగం ఇంగ్లిషు క్యాలెండరు లాంటిది కాదు కదా, దాని చక్రాలకు ఆకాశమే ఆధారం కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ మాటలో నిజముంది. 19 ఏళ్లకోసారి తిథులు దాదాపు అవే తేదీలకు చేరతాయి. 2026లో ఉగాది మార్చి 19న వచ్చింది, 2007లోనూ దాదాపు అదే తేదీకి వచ్చింది. అధిక జ్యేష్ఠం రెండేళ్లలోనూ ఉంది. గోడకు తగిలించుకోమన్న 2015 క్యాలెండరు ఇక్కడ పనికిరాదు, ఆ ఏడు ఉగాది మార్చి 21న వచ్చింది, అధిక మాసం ఆషాఢంలో పడింది. కానీ పంచాంగ చక్రాలు కూడా ఒకదానితో ఒకటి కలిసి ఒకేచోటికి రావు. 2026 ఉగాదితో పరాభవ నామ సంవత్సరం అరవై ఏళ్లకు తిరిగొచ్చింది, అయితే అరవై ఏళ్లలో ప్రతి తేదీకీ వారం ఐదు రోజులు పక్కకు జరిగింది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 ఆనాడు మకర సంక్రాంతి, ఇప్పుడు అది 14కో 15కో వస్తోంది. బోధన్‌లో, నిజామాబాద్‌లో పెద్ద సంఖ్యలో జరుపుకునే రంజాన్ 2015లో జులైలో వచ్చింది, 2026లో మార్చికి వచ్చేసింది. ఇవన్నీ నికరమైన గణితం, అందులో తప్పులేదు. పండుగ ఎప్పుడో ఆ గణితం చెబుతుంది. పంట పండుతుందో లేదో, ఫ్యాక్టరీ నడుస్తుందో లేదో చెప్పడం దాని పని కాదు.

పంట కోసమే పుట్టిన సంవత్సరం ఈ గడ్డ మీద ఒకప్పుడు ఉండేది. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీలో నడిచేవి, ఆజర్ నెలతో మొదలయ్యే ఆ ఏడాది అక్టోబరు మొదటి వారంలో వచ్చేది. శిస్తు ఎప్పుడు అడగాలో పంటను బట్టి తేల్చుకోవడానికే ఆ ఏర్పాటు. శిస్తు రైతును పిండిన మాట వాస్తవమే గాని, వసూలు చేసేవాడికి కూడా పంట చేతికొచ్చే కాలం తెలియక తప్పలేదు. ఇప్పటికీ రెవెన్యూ రికార్డుల్లో జులై నుంచి జూన్ దాకా ఫసలీ లెక్క ఉంది. చక్కెర పరిశ్రమ కూడా జనవరి నుంచి డిసెంబరు లెక్కను ఎప్పుడూ పాటించలేదు, దాని సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది, ఎఫ్‌ఆర్‌పీ ఆ లెక్కనే ప్రకటిస్తారు. మరోవైపు 1957 మార్చి 22న కేంద్రం ఉత్తర్వుతో తెచ్చిన శక క్యాలెండరు గెజెట్‌లో మిగిలింది, జనం బతుకులోకి రాలేదు. జనం చేసే పనికి అతికితేనే ఏ సంవత్సరమైనా నిలుస్తుంది.

ఈ దృష్టితో ఫ్యాక్టరీ హామీలను చూడాలి. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015లో మూత పడింది, తర్వాత లిక్విడేషన్ దాకా పోయింది. 2024 జనవరిలో పునరుద్ధరణకు మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. ప్రభుత్వం ఏదైనా జనం అడిగే ప్రశ్న ఒకటే, ఎప్పుడు తెరుస్తారని. జవాబుగా ఒక తేదీ వస్తుంది, ఆ తేదీ దాటుతుంది. కానీ చెరకు పది పన్నెండు నెలల పంట. నవంబరులో క్రషింగ్ మొదలవ్వాలంటే అంతకుముందు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే నాట్లు పడాలి. ఇన్నేళ్లుగా వరికీ మక్కకూ పసుపుకూ మళ్లిన భూమిలో నాటడానికి విత్తనపు చెరకూ కావాలి. ఎకరం విత్తనపు తోట మహా అయితే ఎనిమిది పదెకరాలకు సరిపోతుంది, ఆ తోటను అంతకు చాలా ముందే పెంచాలి. అంటే 2026 డిసెంబరులో విత్తనపు తోట వేస్తే 2027 చివర్లో రైతుల నాట్లు, 2028 నవంబరులో క్రషింగ్. మరమ్మతులకు ఎంత డబ్బు గుమ్మరించినా చెరకు కాలాన్ని తగ్గించలేరు. రిబ్బన్ కత్తిరించే తేదీ ముందు ఖరారు చేసి చెరకును తర్వాత వెతుక్కుంటే మొదటి సీజనులోనే మిల్లు ఖాళీగా తిరుగుతుంది. ఆ నష్టం చూపించి మళ్లీ మూసేయడం సులువవుతుంది.

ఫ్యాక్టరీ తెరిస్తే చెరకు దానంతటదే వస్తుందని కొందరి వాదన. ఒకప్పుడు అది నిజం. నిజాంసాగర్ నీళ్లు, పక్కనే ఫ్యాక్టరీ ఉన్న కాలంలో రైతు ఏళ్ల తరబడి చెరకే నమ్ముకున్నాడు. కానీ మూతపడ్డ తర్వాత పొలంలో నిలిచిన చెరకును దూరం తోలుకోవాల్సి వచ్చిన రైతు ఇప్పుడు మాట విని నాటడు. వరికి మద్దతు ధర ఉంది, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, నాలుగైదు నెలల్లో డబ్బు చేతికొస్తుంది. చెరకుకు ఏడాదిపాటు భూమిని కట్టేయమంటే అంత నమ్మకం కల్పించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారమే చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ఆ మొత్తాన్ని సీజను మొదలవక ముందే విడిగా ఒక ఖాతాలో జమచేసి చూపిస్తే రైతు నాటడం గురించి ఆలోచిస్తాడు. నీటిని బాగా తాగే చెరకును మళ్లీ ప్రోత్సహించాలా అన్నది మరో అభ్యంతరం. న్యాయమైన ప్రశ్నే. వరి ఒక కారు తర్వాత మరో కారు నీటిలోనే పెరుగుతున్న ఆయకట్టులో ఆ ప్రశ్న చెరకు ఒక్కదానికే వేయకూడదు. బిందుసేద్యంతో ఎన్ని ఎకరాలకు నీరు చాలుతుందో తేల్చి, అంత విస్తీర్ణానికే మిల్లు సామర్థ్యాన్ని కుదించినా తప్పు లేదు.

కాబట్టి బోధన్, నిజామాబాద్ రైతులు, కార్మికులు ప్రజాప్రతినిధులను అడగాల్సిన ప్రశ్న మారాలి. ఏ తేదీన తెరుస్తారని అడిగితే మరో తేదీ చెబుతారు. విత్తనపు తోటలు ఏ ఊళ్లలో, ఎన్ని ఎకరాల్లో వేశారు, ఎంతమంది రైతులతో ఒప్పందం రాసుకున్నారు, 14 రోజుల చెల్లింపుకు డబ్బు ఏ ఖాతాలో ఉంది అని అడిగితే దాటవేయడం కష్టం. ఈ మూడింటికీ డిసెంబరు నాట్ల కాలానికి ముందే లిఖితపూర్వకంగా జవాబు రావాలి. జవాబు రాకపోతే ఆ తర్వాత ఎవరు ఏ తేదీ ప్రకటించినా, ఆ సీజనుకు క్రషింగ్ లేదని రైతు ముందే తేల్చుకుని తన పంట తాను నిర్ణయించుకోవచ్చు.