పెరటి వేధశాల

లేపాక్షి సీమలో వానలు తక్కువ. రైతు నిట్టూర్చుట సహజము. ఐనను మబ్బులేని ఆ ఆకాశమే రాత్రివేళ ఇచ్చటి బాలబాలికలకు గొప్ప పుస్తకము. విచారమేమన, దానిని తెఱచి చూచువారు అరుదు.

మన విద్యార్థులు చైత్రము మొదలు ఫాల్గుణము వఱకు తడబడక వల్లింతురు. పున్నమినాడు చంద్రుడు కృత్తికల చెంత నుండుటచేతనే కార్తికమునకు ఆ పేరు వచ్చినదని కన్నులార చూచి తెలిసికొన్నవారెందఱు?

ఇందుకు వెలగల పరికరములు అక్కఱలేదు. పెరటిలో దీపమార్పి చాపపై కూర్చుండిన చాలును. నక్షత్రములు మినుకుమినుకుమనును, గ్రహములు నిలుకడగా వెలుగును. దుర్భిణి యున్నచో చంద్రునిపై గుంటలు పున్నమికంటె అష్టమినాడే స్పష్టముగా కానవచ్చును. నీడలు పొడవుగా పడుటయే అందుకు కారణము. 1610లో గెలీలియో కనుగొన్న గురుగ్రహపు నాలుగు ఉపగ్రహములును కదలక పట్టిన దుర్భిణికి అందును.

ఇంటినుండి ఆకాశమును పరిశీలించుట తెలుగువారికి క్రొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున తన ఇంటనే వేధశాల నెలకొల్పెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను ఆ పట్టణముననే పరిశీలించెను.

ఊరూర విద్యుద్దీపములు పెరుగుచున్నవి. ఈ చీకటి ఎల్లకాలము మిగులదు. ఉపాధ్యాయులు నెలకొక రాత్రి పిల్లలను ఆరుబయట కూర్చుండబెట్టవలెనని మా మనవి. వచ్చు కార్తిక పున్నమితోనే ప్రారంభింపవచ్చును. వెన్నెలలో కృత్తికలు వెలవెలబోవును. ఐనను వెదకిన దొరకును.