పాచికను మార్చే హక్కు: పాత్రధారణ క్రీడలో కథనాధికారం

1974లో గైగాక్స్, ఆర్నెసన్‌ల 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడినప్పటి నుండి బల్లచుట్టు పాత్రధారణ క్రీడలో ఒక వాదం విడవక వినిపిస్తున్నది. పాచిక గుడ్డిది కనుక, కథ చెడే చోట సూత్రధారి పడిన సంఖ్యను చాటుగా మార్చవచ్చునని ఆ వాదం. చూపునకు ఇది ఉదారమైనదే. కాని నలుగురు కలిసి చెప్పవలసిన కథను అది ఏకకర్తృకం చేస్తుంది.

ఈ క్రీడలో ఆటగాళ్లు తమ పాత్రల చేష్టలను మాటలతో చెప్పగా సూత్రధారి తక్కిన లోకాన్ని నడుపుతాడు. ఫలితం సందిగ్ధమైనప్పుడు పాచిక వేస్తారు. ఒక ఆటగాడు నారాయణపేట నేతగాని పాత్ర ధరించాడనుకొన్నచో, చీరల మూటతో అతడు తంగిడి వద్ద కృష్ణ ఒడ్డుకు చేరాడు. నది వరదమీద ఉన్నది. పుట్టిలో దాటి తెల్లవారేలోగా మూట అందించకపోతే అప్పు తీరదు. పాచిక ప్రతికూలించింది. 'దాటలేదు' అని సూత్రధారి ఊరుకుంటే కథ ఆ ఒడ్డుననే నిలిచిపోతుంది. సంఖ్యను మార్చాలన్న ప్రలోభం పుట్టేది ఇక్కడనే. అయితే దోషం పాచికది కాదు, వైఫల్యానికి కథలో పని కల్పించని నియమానిది.

విన్సెంట్ బేకర్ 'అపోకలిప్స్ వరల్డ్' (2010) ఈ లోపాన్ని సరిదిద్దింది. అందులో వేసేవి రెండు ఆరుముఖాల పాచికలు. పాత్ర బలాన్ని బట్టి కలిపే అంకెను పక్కన పెడితే, 36 పాట్లలో పూర్తి విజయం 6; మూల్యం చెల్లించి పొందే విజయం 15; మిగిలిన 15లో కథను మలుపు తిప్పవలసిన బాధ్యత సూత్రధారిది. నేతగాడు దాటుతాడు గాని చీరలు తడుస్తాయి. లేదా పుట్టి కొట్టుకుపోయి ఎరుగని ఒడ్డున తేలుతుంది. వీటిని ఆటగాడు కోరలేదు, సూత్రధారి ముందుగా సంకల్పించలేదు. సమష్టి కథనమంటే ఇదే.

యాదృచ్ఛికత ఒక్కటే చాలదు. వైకుంఠపాళిలో పాచిక నిజాయితీగానే పడుతుంది. పాము నోట పడినవాడు ఒక్క మాటయినా చెప్పనక్కరలేదు. సభాపర్వంలో ద్యూతం కథావస్తువు మాత్రమే. ధర్మరాజు ఓటమి కవికి ముందే తెలుసు. చాటుగా సంఖ్య మార్చే సూత్రధారి ఈ రెండింటికీ చెందడు, శకుని పక్షాన చేరతాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు, పాచిక మాత్రం మాయపాచికే.

ప్రియమైన పాత్ర అర్ధాంతరంగా మరణిస్తే ఎట్లా అన్న ఆక్షేపం బలమైనదే. దానికి సమాధానం పాచిక వేయక ముందు ఉన్నది. వరదలో ప్రాణాపాయం లేదని, పణం చీరల మూట మాత్రమేనని అందరి ఎదుట ముందుగానే చెప్పవచ్చు. అవసరమైతే పాచికే వేయక నేతగాణ్ణి దాటించవచ్చు.