రిఫరెన్సుల లిస్టు షాపోళ్లకు అప్పజెప్పొద్దు

పోస్టు పెద్దగనే ఉంది. ఫైనలియర్ వాళ్లు, పీజీకి పోవాలనుకునేటోళ్లు మాత్రం ఆఖరు దాకా చదవండి.

మేం జహీరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న అయిదుగురం. మా ఇండ్లల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. మా ప్రాజెక్టు టాపిక్ తండాల్లో పంటలు. జొన్న, తైదలు, సామలు తగ్గి చెరుకు, పత్తి ఎట్లొచ్చినయో రాయాలని. తిరిగింది మేమే, అడిగింది మేమే, రాసింది మేమే. ఆఖరు వారంలో ఆ కాయితాలు పట్టుకొని డీటీపీ షాపుకు పోయి, "రిఫరెన్సులు గూడ మీరే పెట్టుండ్రి అన్నా" అన్నం. ఆయన ఏదో పాత రిపోర్టు వెనుకున్న లిస్టు తీసి మాదాంట్లో అతికిచ్చిండు. మేం అడిగితేనే చేసిండు, తప్పు మాదే.

వైవాలో సారు వెనుక పేజీ తిప్పి, "ఈ పదకొండో నంబరు పుస్తకంలో ఏముంది?" అని అడిగిండు. మేం ఆ పుస్తకం అట్ట గూడ చూడలే. అయిదుగురం తల దించుకున్నం. అంతకంటే సిగ్గైన సంగతి రాత్రి రూముకొచ్చినంక తెలిసింది. మాలో ఒకరి నాయనమ్మను మేమందరం దాది అంటం. రెండు రోజులు కూసోబెట్టి జొన్నల గురించి ఆమెనే చెప్పింది. ఆమె పేరు రిపోర్టులో ఎక్కడా లేదు. చదవని పుస్తకాలు పదిహేనున్నయి, చెప్పిన మనిషి లేదు.

అందుకే మేం అనేది ఒక్కటే. రిఫరెన్స్ అంటే రిపోర్టుకు తగిలించే తోక కాదు. ఎవరి దగ్గర నేర్చుకున్నమో పేరు పెట్టి చెప్పుకోవడం. ఆ పని మనమే చేయాలి.

రేపు పీహెచ్‌డీ దాకా పోయేటోళ్లకు ఇది ఇంకా ముఖ్యం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో కాపీ 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం అయితే 6 నెలల లోపు సరిచేసి మళ్లీ ఇయ్యాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సబ్మిట్ చేయనియ్యరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సరిగ్గా పేరు చెప్పి ఎత్తుకున్న మాటలను ఈ లెక్కలో కలపరు. అంటే పేరు చెప్పే అలవాటే మనల్ని కాపాడుతది.

చేతితో చేస్తే కష్టమే, ఒప్పుకుంటం. ఒక పేరా తీసేస్తే నంబర్లన్నీ మారిపోతయి. దీనికి జొటేరో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్ర పరిశోధకులు 2006లో తెచ్చిండ్రు. పుస్తకం వెనుకున్న ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే చాలావరకు వివరాలు అదే తెచ్చుకుంటది. వర్డ్‌లోనైనా, పైసలు లేని లిబ్రే ఆఫీస్‌లోనైనా రాసుకుంట పోతుంటే లిస్టు దానంతట అదే తయారైతది. ఏపీఏ కాదు, ఎంఎల్ఏ కావాలంటే స్టైల్ మారిస్తే సరిపోతది. మాకు మూడు సాయంత్రాల్లో వచ్చింది.

కానీ గుడ్డిగా నమ్మొద్దు. తెలుగు పుస్తకాల వివరాలు దానికి చాలాసార్లు దొరకవు, మనమే టైపు చేయాలి. పాత డీటీపీ ఫాంట్లలో కాదు, యూనికోడ్‌లో కొట్టాలి, లేకుంటే వెతికినా దొరకదు. ఇంకోటి, అది చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటది. ఆదివాసీ భూముల అన్యాక్రాంతం మీద పనిచేసిన కాకతీయ యూనివర్సిటీ ప్రొఫెసర్ బియ్యాల జనార్దన్ రావును "రావు" కింద పెడతది. ఇంటిపేరు బియ్యాల అని సరిచేయాల్సింది మనమే. అదే లంబాడీ సమాజం నుంచి వచ్చిన చరిత్రకారుడు భంగ్యా భూక్యాను చూడండి. నిజాంల పాలనలో లంబాడీల మీద ఆయన రాసిన "సబ్జుగేటెడ్ నోమాడ్స్" 2010లో వచ్చింది. దాన్ని వాడుకున్నోళ్లు ఏ దేశంలో ఉన్నా "భూక్యా, 2010" అని రాయాల్సిందే. మన ఇంటిపేరు అట్ల బ్రాకెట్లో కనపడితే మాకు గర్వమనిపించింది.

మరి దాది సంగతి? జొటేరోలో పుస్తకాలకే కాదు, ఇంటర్వ్యూకు, రేడియో కార్యక్రమానికి గూడ గడులున్నయి. మన పక్కనే మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియోలో విన్నదాన్ని గూడ ఎక్కియ్యొచ్చు. కానీ ఏపీఏ పద్ధతి ప్రకారం మనం స్వయంగా అడిగి తెలుసుకున్న మాట రిపోర్టు లోపలనే ఉంటది, వెనుక లిస్టులోకి రాదు. ఈ మెయిల్‌కు, ఫోన్ ముచ్చటకు గూడ ఇదే లెక్క. కెనడాలో క్రీ తెగకు చెందిన లైబ్రేరియన్ లొరిషియా మెక్‌లియోడ్ దీన్ని ప్రశ్నించి, పెద్దమనుషుల మాటను పుస్తకంతో సమానంగా లిస్టులో చేర్చే నమూనా తయారుచేసింది. పేరు, తెగ, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీ. ఆ వ్యాసం 2021లో అచ్చయింది. అక్కడ చేసింది ఇక్కడెందుకు చేయొద్దు? సారు ఒప్పుకుంటే లిస్టులోనే పెడదాం, ఒప్పుకోకుంటే "మాకు చెప్పినవాళ్లు" అని ఇంకో పేజీ పెడదాం. ముందు వాళ్లను అడిగి, పేరు రాయమంటేనే రాద్దాం.

"లాప్‌టాప్ లేదు గదా" అంటరు. మాకూ లేదు, కాలేజీ ల్యాబ్‌లో చేసినం. ఫోన్లో అయితే జొటేరోబిబ్ అని ఉంది, బ్రౌజర్లోనే నడుస్తది, అకౌంట్ అక్కర్లేదు. చాట్‌జీపీటీని మాత్రం రిఫరెన్సులు అడగొద్దు. లేని పుస్తకాన్ని గూడ రచయిత పేరు, సంవత్సరం పెట్టి ఇయ్యగలదు. అప్పుడు షాపు లిస్టుకూ దానికీ తేడా ఏముంది?

ఒక్కో హాస్టల్ నుంచి ఇద్దరు పేర్లియ్యండి. ఆదివారం పూట కూసొని మాకొచ్చింది నేర్పిస్తం, మాకు రానిది మీ దగ్గర నేర్చుకుంటం. వచ్చేటప్పుడు మీ రిపోర్టు తెచ్చుకోండి, మీకు చెప్పిన తండా పెద్దల పేర్లు గూడ రాసుకొని రండి.