సెలవు దొరకనివాడు స్కౌటు మాష్టారు కాకూడదా?

'శిక్ష' అనే మాట మన తెలుగువారి చేతిలో పడి దండన అయి కూర్చున్నది. సంస్కృతంలో దానికి నేర్చుకొనుట, నేర్పుట అని అర్థం; వేదాంగాలు ఆరింటిలో ముందుగా చెప్పేది శిక్షనే. 'శిక్షణ' అన్నప్పుడు మాత్రం మనం ఆ పాత అర్థాన్ని నిలుపుకొన్నాము. అయితే ఆదివారాలు వదులుకొని ఊరి పిల్లలను కూడగట్టి ఆటలో, సేవలో నాలుగు మంచి సంగతులు నేర్పుదామని ముందుకు వచ్చే పెద్దలకు మన సంఘాలు శిక్షణ ఏర్పాటు చేసే తీరు చూస్తే, అక్కడ తెలుగు అర్థమే ఎక్కువగా అన్వయిస్తుందేమోనని నాకు చాలాకాలంగా అనుమానం.

నేను చెబుతున్నది స్కౌట్లు, గైడ్లు, ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. వంటి సంఘాలను నడిపే పెద్దల విషయం. ముఖ్యంగా స్కౌట్ల విషయం. ఆ మెడ స్కార్ఫు కొన్నేళ్ళు నేనూ కట్టుకొన్నాను కనుక. స్కౌటు మాష్టారు కావాలంటే తొలి మెట్టు ప్రాథమిక శిక్షణ. దానికి వారం పాటు శిబిరంలో ఉండాలి. తరువాత ఉన్నత శిక్షణ, మరొక శిబిరం. ఆపైన హిమాలయ ఉడ్ బ్యాడ్జి. ఈ పై చదువులకోసం కొందరు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ జాతీయ శిక్షణ కేంద్రం దాకా ప్రయాణం కడతారు. ఎన్.సి.సి. అధికారి కాదలచిన ఉపాధ్యాయుడు నాగపూరు చేరువలోని కామ్టీకి వెళ్ళి వారాల తరబడి కవాతు చేయాలి.

ఉపాధ్యాయుడికి ఇది మోయలేని బరువు కాదు. పైనుంచి ఉత్తర్వు వస్తుంది, ప్రధానోపాధ్యాయుడు రిలీవ్ చేస్తాడు, హాజరుపట్టీలో 'ఆన్ డ్యూటీ' అని పడుతుంది, జీతం ఆగదు. ఆ ఏర్పాటు ఉన్నది కనుకనే మావంటివాళ్ళం వెళ్ళగలిగాము. కాని లారీ షెడ్డులో పనిచేసే మెకానిక్కుకు ఆన్ డ్యూటీ ఎవరిస్తారు? కిరాణా కొట్టు నడిపే ఇల్లాలు కొట్టుకు తాళం వేసి వారం రోజులు వెళితే పాతబాకీలు ఎవరు వసూలు చేస్తారు? ఆసుపత్రి నర్సుకు, కౌలు రైతుకు, సాఫ్ట్‌వేరు కుర్రవాడికి కూడా ఇదే చిక్కు. మనకు కావలసినవాళ్ళు వీళ్ళే, మన శిక్షణ వద్దకు రాలేనివాళ్ళూ వీళ్ళే.

నాకు తెలిసిన ఒక బస్సు కండక్టరు ఉండేవారు. ఆయన కుమారుడు మా దళంలో స్కౌటు. ఈయన వీక్లీ ఆఫ్ వచ్చిన ప్రతిసారీ మా మైదానానికి వచ్చేవారు. బస్సు టాపు మీద మూటలు కట్టి కట్టి పండిన చెయ్యి. క్లోవ్ హిచ్, బౌలైన్ అన్న పేర్లు తెలియకుండానే ఆ ముడులన్నీ వచ్చు. రోజుకు కొన్ని వందల మంది కోపతాపాలు సర్దుకొచ్చే మనిషికి ముప్పై మంది పిల్లలొక లెక్కా! పిల్లలు నాకన్నా ఆయన మాటే బాగా వినేవారు. కాని వారం రోజులు ఏకబిగిన సెలవు ఏనాడూ కుదరలేదు. కాగితం మీద ఆయన చివరిదాకా ఎవరూ కాదు. అదే కాలంలో శిబిరం ముగించుకొని సర్టిఫికెట్టు తెచ్చుకొని, ఆ తరువాత మైదానం మొహం చూడనివాళ్ళు జాబితాలో స్కౌటు మాష్టర్లుగా ఉండేవారు. వారిని నేను తప్పుపట్టను. పాఠశాలకు ఒక పేరు పంపమని అడుగుతారు. కొత్తగా చేరినవాడు, కాదనలేనివాడు ఎవరో వాడి పేరు వెళుతుంది. 'స్వచ్ఛంద' అంటే తన ఇచ్ఛ ప్రకారం నడిచేది. ఉత్తర్వు మీద వచ్చినవాడిని స్వచ్ఛంద సేవకుడనడం భాషకు కూడా అన్యాయమే.

"వ్యవస్థ మొదటినుంచీ ఇంతే" అంటారు కొందరు పెద్దలు. ఇంతే కాదు. బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో పిల్లలతో తొలి శిబిరం నడిపినప్పుడు పెద్దలకు శిక్షణ అనే ఊసే లేదు. ఉద్యమం ఊహించనంత వేగంగా పెరిగిపోయి, నడిపేవారికి ఏమీ తెలియకపోవడం చూసిన తరువాత, 1919 సెప్టెంబరులో లండను శివార్లలోని గిల్‌వెల్ పార్కులో 19 మందితో మొదటి ఉడ్ బ్యాడ్జి శిబిరం జరిగింది. జూలూ రాజు దినుజులు దండలోనివని చెప్పే కొయ్యపూసల ఆనవాలును శిక్షణ ముగించినవారికి ఇచ్చే ఆచారం అప్పటిది. అందరికీ ఆ పూసలు గుర్తున్నాయి గాని, ఆ తొలినాళ్ళ శిక్షణలో మూడు పాళ్ళు ఉండేవన్న సంగతి గుర్తు లేదు. సిద్ధాంతభాగం ఉత్తరాల ద్వారా జరిగేది. ప్రశ్నలు తపాలాలో వచ్చేవి, ఇంటి దగ్గర దీపం కింద కూర్చొని జవాబులు వ్రాసి పంపేవారు. ఆచరణభాగం శిబిరంలో. మిగిలిన భాగం తన సొంత దళాన్ని కొన్ని నెలలు ఎంత చక్కగా నడిపాడో చూసి తేల్చేవారు. అంటే, శిక్షణలో శిబిరం ఒక భాగం మాత్రమే. సెల్‌ఫోను మాట అటుంచి, ఇంటింటా టెలిఫోను కూడా లేని రోజుల్లో ఉద్యోగస్తుడి వీలు చూసి పాఠాన్ని విడగొట్టిన వ్యవస్థ అది. ప్రతివాడి చేతిలో ఫోను ఉన్న ఈ రోజుల్లో మనం దానికన్నా బిగుసుకొని కూర్చున్నాము. బ్రిటన్‌లో స్కౌట్లు కూడా తమ పెద్దల శిక్షణను చిన్న చిన్న పాఠాలుగా విడగొట్టుకొన్నారు. ముందే తెలిసిన విద్యను చేసి చూపితే మళ్ళీ ఆ పాఠానికి కూర్చోనక్కరలేదు.

మన దేశంలో మాత్రం ఈ ఉద్యమాన్ని తెచ్చినవారు బడిపంతుళ్ళా? 1916లో మద్రాసులో అనీబిసెంటు, అరండేలు భారతీయ బాలురకు స్కౌటు సంఘం పెట్టారు. 1918లో అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. ఇటువంటి పాయలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. మన వైపు చూస్తే, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి గార్ల స్ఫూర్తితో వెలసిన బాలానంద సంఘాలు ఉన్నాయి. పిల్లల మీద ప్రేమ ఉన్నవాడు వృత్తి ఏదైనా ఈ పనికి పనికివస్తాడన్నదే వాటి బలం.

పద్యం చెప్పుకొనేవారికి నేననేది సులభంగా తెలుస్తుంది. ఉత్పలమాలలో ప్రతి అక్షరానికీ గురువో లఘువో ముందే నిర్ణయమై ఉంటుంది, కదలడానికి లేదు. తేటగీతిలో అలా కాదు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. ఇంద్రగణమంటే నల, నగ, సల, భ, ర, త అనే ఆరింటిలో ఏదైనా వేసుకోవచ్చు. యతి కుదరలేదా, ప్రాసయతి చెల్లుతుంది. ఇంత వెసులుబాటు ఉన్నంతమాత్రాన తేటగీతిని ఎవరూ వచనమనరు, ఎందుకంటే గణాల లెక్క, వరుస, విశ్రాంతి స్థానం మారవు. మన శిక్షణ ఇన్నాళ్ళూ ఉత్పలమాలలో నడిచింది. దానిని తేటగీతిలోకి మార్చమంటున్నాను. కండక్టరుగారి ముడులకు ప్రాసయతి ఇవ్వమంటున్నాను.

అయితే మార్చరానిది ఏదో ముందు తేల్చుకోవాలి. ఉద్యమచరిత్ర, స్కౌటు నియమావళి, రికార్డులు వ్రాసే పద్ధతి, యూనిఫారం వివరాలు ఫోనులో వినవచ్చు, రాత్రి భోజనాల తరువాత చదవవచ్చు. అవి తెలుగులో ఉండాలి సుమా. పుస్తకాలు ఇంగ్లీషులోనో హిందీలోనో చేతికిచ్చి, అర్థం కాలేదంటే మనిషిని తక్కువ చేయడం ధర్మం కాదు. ముడులు, కట్లు, వంట, దిక్సూచి మండల కేంద్రంలో నాలుగు ఆదివారాలు పూట పూట నేర్పవచ్చు. కాని శిబిరంలో రాత్రి గడపడం మాత్రం తీసివేయడానికి వీలులేదు. స్కౌటు పద్ధతికి ప్రాణం పేట్రోలు. బంకులో దొరికేది కాదు. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల చిన్న జట్టు, దానికి పిల్లవాడే నాయకుడు. శిక్షణలో పెద్దలు కూడా అలాగే జట్టుగా చేరి, ఒక నాయకుడి మాట విని, కట్టెలు ఏరి, అన్నం వండుకొంటారు. నలభై అయిదేళ్ళ మనిషి తనకన్నా చిన్నవాడు చెప్పిన పని చేయవలసి వచ్చినప్పుడుగాని, పదేళ్ళ పిల్లవాడికి ఎలా ఉంటుందో తెలియదు. దానికి వారం అక్కరలేదు, ఒక రాత్రి చాలదు. మొదటి రాత్రి అందరూ మర్యాదస్థులే. రెండవనాడు అన్నం మాడినప్పుడు మనుషులు బయటపడతారు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా రెండు రాత్రులు చాలునని నా లెక్క.

ఆ తరువాత అసలు శిక్షణ. ఆరు నెలలు తన ఊరి దళంతోనే పనిచేయాలి. నెలకొకసారి ఒక అనుభవజ్ఞుడు వచ్చి పక్కన నిలబడి చూసి, పిల్లలు వెళ్ళిపోయాక వేపచెట్టు కింద కూర్చొని మాట్లాడాలి. మావంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఊరికి నలుగురైనా ఉన్నారు. బస్సు కిరాయి ఇస్తే చాలు, కొందరికి అదీ అక్కరలేదు.

వెసులుబాటు ఏమాత్రం పనికిరాని చోటు ఒకటి ఉన్నది. పిల్లల రక్షణ. మిగతా పాఠాలు ముందో వెనుకో అయినా ఫరవాలేదు. ఇది మాత్రం పిల్లల ముందు మొదటిసారి నిలబడడానికి ముందే పూర్తి కావాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే; తెలిసి ఊరుకోవడం కూడా నేరమే. ఈ సంగతి తెలియని మంచిమనిషి "పరువుపోతుంది, లోపల్లోపల సర్దేద్దాం" అనుకొంటాడు. పిల్లవాడిని ఏ పెద్దా ఒంటరిగా మూసిన గదిలో కూర్చోబెట్టరాదని, 1098 అనే సంఖ్య పిల్లలకు కూడా కంఠతా రావాలని చెప్పడానికి ఒక పూట చాలు. ఆ పూట మినహాయింపు ఎవరికీ, ఎంతటి పెద్దమనిషికీ ఇవ్వరాదు.

నీటి సంగతి కూడా అంతే. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదలడంతో బియాస్ నది ఒక్కసారిగా పొంగి, విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. తగిన హెచ్చరిక లేకుండా నీరు వదలడం మొదటి తప్పు. కాని ఆనకట్ట దిగువన ఎండిన రాళ్ళు కనబడితే, అవి ఎందుకు ఎండి ఉన్నాయని అడగడం పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళే ప్రతి పెద్దవాడికీ అలవాటు కావాలి. మన కాలువలు, చెరువులు, క్వారీ గుంటలు అంతకన్నా తక్కువ ప్రమాదకరమైనవి కావు.

ఒకసారి నేర్చుకొంటే జన్మకు చాలుననుకోవడం కూడా పొరపాటే. పాముకాటుకు గాటు పెట్టి నెత్తురు పీల్చాలని, గట్టిగా కట్టు బిగించాలని పాత పుస్తకాలు చెప్పేవి. ఆ రెండూ చేయవద్దని, కాటుపడ్డ అవయవాన్ని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చమని నేటి వైద్యులు చెబుతున్నారు. పాత సర్టిఫికెట్టు గోడకు తగిలించుకొన్న మాష్టారు పాత పద్ధతిలోనే పిల్లవాడి కాలు కోస్తాడు. రెండు మూడేళ్ళకొకసారి ఒక పూట పునశ్చరణ ఉంటే ఈ ముప్పు తప్పుతుంది. ఒక పూటకైతే కండక్టరూ వస్తాడు, నర్సూ వస్తుంది. నర్సు వస్తే ఆ పాఠం ఆమె చేతనే చెప్పించవచ్చు.

ప్రమాణాలు పడిపోతాయని అభ్యంతరం. నిజమే, ఆ భయం నాకూ ఉన్నది. 2020లో బడులు మూతబడినప్పుడు తెరమీద పాఠాలు వెల్లువెత్తాయి; వీడియో ఆన్ చేసి వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు పెట్టుకొని వచ్చి సర్టిఫికెట్టు దింపుకొన్నవారున్నారు. అయితే వారం రోజుల శిబిరంలో వెనుక వరుసలో కునుకు తీసినవారిని కూడా నేను చూశాను. కూర్చున్న గంటలు లెక్కపెట్టినంతకాలం ఈ రెండూ తప్పవు. ముడి వేసి చూపించు, జట్టును నడిపి చూపించు, గాయపడ్డవాడికి కట్టు కట్టి చూపించు అంటే తాలింపు పెట్టడానికి వ్యవధి ఉండదు.

కాలం కూడా చూసుకోవాలి. నాట్ల వేళ, కోతల వేళ పెట్టిన శిబిరానికి రైతు రాడు. పండుగ ముందు వారం కొట్టువాడు రాడు. ఇవి తెలియనివా? తెలిసినవే, కాని తేదీలు నిర్ణయించేటప్పుడు బడి సెలవుల జాబితా తప్ప మరొకటి బల్లమీద ఉండదు.

ఇక గైడ్ కెప్టెన్ల కొరత గురించి ప్రతి సమావేశంలోనూ విచారం వెలిబుచ్చుతారు. ఆడవారికి ఆసక్తి లేదనే తీర్మానానికి కూడా వస్తారు. రెండేళ్ళ బిడ్డ తల్లి శిబిరానికి వస్తే ఆ బిడ్డ ఎక్కడ ఉండాలో ఆహ్వానపత్రంలో వ్రాసిన వారిని నేనింతవరకు చూడలేదు. ఒక గది, రెండు చాపలు, ఒక ఉయ్యాల, నమ్మకమైన ఒక ఆయా. గుడారాల అద్దె పద్దు పక్కన ఈ పద్దు కూడా ఒకటి వేసి చూడండి.