పోస్టర్ కాదు, అక్షరాలు పెట్టండి
మన చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లలో తరచూ మొదటి పేజీ అంతా ఒక పోస్టరే ఉంటుంది: మంగళగిరి చీర, పక్కన ధర, కింద ఫోన్ నంబరు, అన్నీ డీటీపీలో అందంగా కూర్చి బొమ్మగా ఎక్కించినవి. గూగుల్‌లో మా దుకాణం ఎందుకు కనబడదని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆ పేజీలో ఒక్క వాక్యాన్ని కాపీ చేసి చూడండి. రాకపోతే జబ్బు అక్కడే ఉంది. కీవర్డ్‌ల జాబితాలకి డబ్బు పోయకండి. పేజీ కోడ్‌లో దాచే కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరనీ చెప్పింది. ముఖ్యమైన మాటల్ని బొమ్మలో ఇరికించవద్దన్న దాని సలహా మాత్రం మనకే ఎక్కువ అవసరం. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. అయినా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కూర్చిన మేటర్‌ని మార్చే ఓపిక లేక బొమ్మ చేసి వదిలేస్తున్నాం. ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కొనేవాళ్లు వెతికే జవాబులు దుకాణదారు నోట్లోనే ఉన్నాయి. అంచు ఎంత వెడల్పు, జాకెట్టు ముక్క వస్తుందా, ఉతికితే రంగు దిగుతుందా అన్నవి మీరు రోజూ ఫోన్లో చెబుతున్నవే. వాటినే మామూలు తెలుగులో టైపు చేయండి. ఒక్కో రకానికి ఒక్కో పేజీ, దానికి తగిన శీర్షిక, ప్రతి ఫొటోకీ అందులో ఏముందో చెప్పే ఆల్ట్ వివరణ ఇవ్వండి. జనం ఏ మాటలతో వెతికి వస్తున్నారో ఉచితంగా దొరికే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చూసుకోండి. మీ సరుకు గురించి మీకు తెలిసినంత ఏ ఏజెన్సీకీ తెలియదు. కాబట్టి రాయాల్సింది మీరే.