రోజాకు నోబెల్ సాక్ష్యం అక్కరలేదు, షుగర్ పరీక్ష కావాలి

రంజాన్ నెలవంక కనబడడానికి పది పదిహేను రోజుల ముందే మన ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఉపవాసం క్యాన్సర్‌ను నయం చేస్తుందని నిరూపించి జపాన్ శాస్త్రవేత్త ఒకరు నోబెల్ బహుమతి పొందారని దాని సారాంశం. యోషినోరి ఒసుమికి 2016లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చిన మాట నిజమే. అయితే ఆయన ముఖ్యంగా పరిశోధించినది ఈస్ట్ కణాలను. ఆహారం అందనప్పుడు ఆ కణాలు తమలోని భాగాలను తామే విడగొట్టి తిరిగి వాడుకునే విధానాన్ని, దానిని నడిపించే జన్యువులను ఆయన కనుగొన్నారు. రోగులతో ఉపవాసం చేయించి క్యాన్సర్ నయం చేసినందుకు ఆ బహుమతి రాలేదు. సందేశం పంపేవారి ఉద్దేశం మంచిదేనని మాకు తెలుసు. కాని మనం రోజా పాటిస్తున్నది అల్లాహ్ ఆజ్ఞ గనుక, ప్రయోగశాల ఒప్పుకున్నందువల్ల కాదు. అటువంటి ఆరాధనకు అసత్యాన్ని ఊతకర్రగా ఇవ్వడం మర్యాద కాదు.

అలాగని శాస్త్రం చెబుతున్నదానిని తోసిపుచ్చనవసరం లేదు. మనం తిన్న ఆహారంలోని చక్కెర కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. సుమారు పన్నెండు గంటలు, కొందరిలో ఇంకా ఎక్కువసేపు ఏమీ తినకపోతే ఆ నిల్వ తరిగిపోతుంది. అప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేస్తుంది. మెదడు వాటిని కూడా ఇంధనంగా వాడుకోగలదు. అమెరికా జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థలో చిరకాలం పనిచేసిన మార్క్ మాట్సన్ ఈ మార్పును లోతుగా పరిశీలించారు. ఉపవాసం ఉంచిన ఎలుకల మెదడులో బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి, నాడీకణాలకు దెబ్బను తట్టుకునే శక్తి హెచ్చింది. స్వల్పమైన కష్టం ఎదురైనప్పుడు కణం తన రక్షణ వ్యవస్థను మేల్కొల్పుకుంటుందని, కష్టం తీరాక మునుపటికన్నా బలపడుతుందని ఆయన వాదన. వ్యాయామం చేసిన మరునాడు నొప్పిపెట్టిన కండ కొన్నాళ్లకు గట్టిపడడం వంటిదే ఇది. శాస్త్రజ్ఞులు దీనిని హార్మెసిస్ అంటారు. రఫాయెల్ డి కాబోతో కలిసి మాట్సన్ రాసిన సమీక్ష 2019 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది.

ఎలుకలలో కనిపించినంత మేలు మనుషులలో అంత స్పష్టంగా కనిపించలేదు. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 116 మందిని పరీక్షించగా, రోజుకు ఎనిమిది గంటల లోపే భోజనం ముగించినవారు మూడు పూటలా తిన్నవారికంటే చెప్పుకోదగినంత బరువు తగ్గలేదు. 2022లో చైనాలో 139 మంది స్థూలకాయులతో ఏడాదిపాటు జరిగిన పరిశోధనలోనూ, ఇరుపక్షాలూ ఒకే మోతాదులో ఆహారం తగ్గించినప్పుడు, వేళల నియమం పాటించినవారికి అదనపు లాభం పెద్దగా రాలేదు. ఎప్పుడు తిన్నామన్నదానితో పాటు ఎంత తిన్నామన్నదీ లెక్కకు వస్తుందన్నమాట.

ఈ లెక్కలో మన ఇఫ్తార్ పళ్లెం ఎక్కడ నిలుస్తుంది? మన ప్రాంతంలో రోజా కాలాన్నిబట్టి పదమూడు, పద్నాలుగు గంటలు ఉంటుంది. కొవ్వు కరగడం మొదలయ్యే వేళకు మగ్రిబ్ అజాన్ వినబడుతుంది. వెంటనే సమోసాలు, మిరపకాయ బజ్జీలు, చక్కెర షర్బత్. తరావీహ్ అయ్యాక హలీం. ఆపైన అర్ధరాత్రి దాటేవరకు బజారు, సహరీకి ముందు రెండు మూడు గంటల నిద్ర. నెల ముగిసేసరికి బరువు పెరిగినవారు మన మొహల్లాలోనే ఎందరో ఉన్నారు. పండుగ రుచులను నిందించడం మా ఉద్దేశం కాదు, హలీం మాకూ ప్రీతే. ముప్పై రాత్రులూ అదే భోజనమైతే పగటి ఉపవాసం ఇచ్చిన మేలును రాత్రి మనమే తిరిగి ఇచ్చివేస్తున్నాము.

మరొక సంగతి ఉంది. కష్టం మేలు చేయాలంటే దానికి మితం ఉండాలి, తర్వాత విశ్రాంతి దొరకాలి. అమెరికాలో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మెక్ఈవెన్ ఎడతెగని ఒత్తిడికి గురైన ఎలుకలను పరిశీలించినప్పుడు, జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్‌లోని నాడీకణాల శాఖలు కుంచించుకుపోవడం గమనించారు. అద్దె కట్టలేని ఇల్లు, పని దొరుకుతుందో లేదో తెలియని తెల్లవారు, తీరని అప్పు కలిగించే ఒత్తిడి అటువంటిది. దానికి ఇఫ్తార్ వేళ లేదు. పేదవాడి పస్తును చూసి ఉపవాసం ఆరోగ్యమేనని అనేవారు ఈ భేదం గుర్తించాలి. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికి వెళ్లేందుకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతి ఇస్తున్నాయి, సంతోషం. వెల్డింగ్ దుకాణంలో, మేస్త్రీ పనిలో, ఆటో నడుపుతూ రోజా ఉండేవానికి ఆ ఉత్తర్వు వర్తించదు. 2018, 2019 సంవత్సరాలలో రంజాన్ మే నెల ఎండల్లో వచ్చినప్పుడు వారు పడిన బాధ మేము కళ్లారా చూశాము. ప్రయోగశాల ఉపవాసంలో నీళ్లు తాగనిస్తారు, మన రోజాలో నీళ్లు కూడా ఉండవని మరువరాదు.

అన్నింటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది షుగర్ వ్యాధిగ్రస్తుల విషయం. 13 దేశాలలో పన్నెండు వేలకు పైగా ముస్లిం రోగులపై జరిగి 2004లో ప్రచురితమైన ఎపిడయార్ అధ్యయనంలో, టైప్ 2 రోగులలో సుమారు 79 శాతం మంది కనీసం పదిహేను రోజాలు ఉన్నారని తేలింది. షుగర్ ప్రమాదకరంగా పడిపోయే సంఘటనలు ఆ నెలలో టైప్ 1 వారిలో సుమారు నాలుగున్నర రెట్లు, టైప్ 2 వారిలో ఏడు రెట్లకు పైగా పెరిగాయి. మా అనుభవంలో మన తల్లులు, అక్కలు డాక్టరుకు చెప్పకుండానే పగటి మాత్రను సహరీ మాత్రతో కలిపి మింగుతారు. గ్లిమెపిరైడ్ వంటి మందుతో ఇలా చేస్తే మధ్యాహ్నానికి చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. మీటరులో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని వైద్యుల సూచన. వేలు గుచ్చి పరీక్షించుకున్నంత మాత్రాన రోజా భంగం కాదని ఉలమా చెబుతున్నారు. వ్యాధిగ్రస్తులకు మినహాయింపు బఖరా సూరాలోనే ఉంది. కోలుకునేవారు తర్వాత పూర్తిచేయవచ్చు, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకున్న కోడలిని ఈమాన్ తక్కువని ఆడిపోసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇమాములు జుమా ఖుత్బాలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

రంజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే రోగిని పరీక్షించి, మందుల వేళలు మార్చాలని మధుమేహ నిపుణుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనకు అది రజబ్ నెల. తెలంగాణలో బస్తీ దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ఆరోగ్య కేంద్రాలు మన వాడలలోనే ఉన్నాయి. ముస్లింలు అధికంగా ఉన్న వార్డులలో రజబ్, షాబాన్ నెలల్లో వారానికి ఒక పూట దీనికి కేటాయించడం ప్రభుత్వానికి భారం కాదు, పన్ను కట్టే పౌరులుగా మనకు అది హక్కు. మస్జిద్ కమిటీలు ఈ సంవత్సరమే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి వినతిపత్రం ఇవ్వాలి. వార్డులో షుగర్ రోగులు సుమారు ఎందరున్నారో అందులో రాయాలి. నకలు మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకోవాలి. అవి లేని కాగితాల గతి ఏమిటో గుమాస్తాలుగా పనిచేసిన మాకు బాగా తెలుసు.